సినిమా వెనకాల వీధిలో గీత

చలికాలం వచ్చిందంటే వసంతలక్ష్మి ఇడ్లీ పిండి తీసుకెళ్ళి ఓవెన్‌లో పెడుతుంది. ఓవెన్ ఆన్ చెయ్యదు, లోపల లైటు మాత్రం వేసి వదిలేస్తుంది. ఆ కాస్త వేడికే పొద్దున్నకి పిండి పొంగుతుంది. పిస్కాటవేలో తెలుగువాళ్ళందరూ చేసే పనే ఇది. ఒకసారి పైగదిలో అద్దెకుండే రష్మి తెలీక పిజ్జా వేడి చేసుకుందామని ఓవెన్ తిప్పేసింది. పిండి గిన్నెలోనే ఉడికి పెద్ద ఇడ్లీ అయి కూర్చుంది. ఆ రోజు ఇద్దరూ దాన్నే కత్తితో కోసుకుని తిన్నారు.

ఆ ఆదివారం పిండి బాగానే పొంగింది. బయట సన్నగా మంచు పడుతోంది. వసంతలక్ష్మి ఇడ్లీలు వేసి, అల్లప్పచ్చడి తీసి, మెట్ల దగ్గర నిలబడి "రష్మీ, చల్లారిపోతాయమ్మా" అని పిలిచింది. పిల్ల కిందకి వచ్చేదాకా రెండుసార్లు పిలవాలి. అయినా ఆవిడకి ఆ పిలవడం ఇష్టమే. ఆ ఇంట్లో గొంతెత్తి ఒకరిని పేరుపెట్టి పిలిచే పని అదొక్కటే.

భర్త రవికుమార్ ఉద్యోగం దేశానికి అవతలి చివర, సన్నీవేల్‌లో. కరోనా టైమ్‌లో ఇంటినించే పని చేసుకునేవాడు. తర్వాత కంపెనీవాళ్ళు అందరూ ఆఫీస్‌కి రావల్సిందే అన్నారు. అక్కడ ఇంకో ఇద్దరితో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు, వీలైనప్పుడు వచ్చి పోతుంటాడు. వసంతలక్ష్మికి ఇక్కడ మందుల కంపెనీలో ఉద్యోగం. అది వదిలి వెళ్తే మళ్ళీ దొరుకుతుందో లేదో అని ఉండిపోయింది. పిల్లల్లేరు. ఆ సంగతి జనం అడగడం మానేసి కూడా చాలాకాలమైంది. శుక్రవారం సాయంత్రం ఆఫీస్‌లో "హావ్ ఎ గుడ్ వీకెండ్" అంటే, సోమవారం పొద్దున్న దాకా ఆవిడతో మాట్లాడేది రష్మి, ఫోన్‌లో మొగుడు, ఇండియన్ స్టోర్‌లో బిల్లు వేసే అబ్బాయి. అంతే. అందుకే టీవీ ఎప్పుడూ పెట్టే ఉంచుతుంది. ఏదొస్తే అది. ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడుతూ ఉంటే చాలు.

కానీ ఆ ఆదివారం టీవీ పెట్టడం వేరే సంగతి. క్రిస్మస్ ముందొచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక ఛానల్‌లో ఒక సినిమా వేస్తారు. ఏటా అదే రోజు, అదే సినిమా. థియేటర్లలో వచ్చేది కాదు, టీవీ కోసమే తీసే రకం. పెద్ద సిటీలో ఉద్యోగం చేసే పిల్ల క్రిస్మస్‌కి అమ్మమ్మ ఉండే చిన్న ఊరికి వస్తుంది. ఆ అమ్మమ్మకి ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో పేరు చెప్పకుండా ఒక చెక్కబొమ్మ పంపుతుంటారు. ఎవరు పంపుతున్నారో ఇంట్లో ఎవరికీ తెలీదు, అడిగితే అమ్మమ్మ మాట మార్చేస్తుంది. అది కనిపెట్టడానికి ఆ పిల్లకి సాయంగా ఒకబ్బాయి. గళ్ళ చొక్కా, క్రిస్మస్ చెట్లు నరికి అమ్ముకుంటాడు. మొదట ఇద్దరికీ పడదు. తర్వాత ఏమవుతుందో చూడనివాళ్ళు కూడా చెప్పగలరు.

వసంతలక్ష్మి ఆ సినిమా ఇన్నేళ్ళుగా చూస్తోంది. చెక్కబొమ్మలు పంపిందెవరో మాత్రం ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఆవిడ ముందున్నవాళ్ళని చూడదు. సినిమా సగం అయ్యాక వీధిలో క్రిస్మస్ సంత జరుగుతుంది. హీరో హీరోయిన్లు కాగితం కప్పుల్లో ఏదో వేడిగా తాగుతూ నడుస్తారు. వాళ్ళ వెనకాల, వేయించిన గింజలమ్మే బండి పక్కనించి, గీత నడుచుకుంటూ పోతుంది.

గీత అంటే గీతాంజలి. వసంతలక్ష్మికి సొంత చెల్లెలు. ఇల్లు వదిలి వెళ్ళి పదేళ్ళు దాటింది.

సినిమాలో మిగతా జనం ఎప్పుడూ అలాగే ఉంటారు. గింజల బండివాడి టోపీ కూడా మారదు. గీత ఒక్కతే మారుతుంది. మొదట్లో జడ ఉండేది, తర్వాత భుజాల దాకా కత్తిరించుకుంది. కళ్ళజోడు వచ్చింది. ఒక ఏడాది కాస్త కుంటుతూ నడిచింది. మోకాలా, మడమా అని వసంతలక్ష్మి మళ్ళీ డిసెంబర్ వచ్చేదాకా బెంగపెట్టుకుంది. మరుసటేడు మామూలుగా నడిచేసరికి తేలిగ్గా ఊపిరి తీసుకుని, గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. రికార్డ్ చేసి చూస్తే గీత ఉండదు. బండి పక్కన ఖాళీ. ఆ ఆదివారం మధ్యాహ్నం వేసినప్పుడే వస్తుంది, వచ్చి వెళ్ళిపోతుంది.

ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. జనవరిలో ఎవరింటికైనా భోజనానికి వెళ్తే ఆడవాళ్ళు అడుగుతారు.

"ఈ ఏడు మీ చెల్లి ఎలా ఉంది వసంతగారూ?"

"కొంచెం చిక్కినట్టుందండీ."

"చిక్కదూ మరి. ఆ సినిమాల్లో ఏం పెడతారు, కుకీలు తప్ప."

"జుట్టు కూడా నెరిసింది."

"రంగేసుకోమనండి."

"అనడానికి ఎక్కడ ఆగుతుందండీ, నడుస్తూనే ఉంటుంది" అనేది వసంతలక్ష్మి. ఇంకొకావిడ గారెలు తెచ్చి వడ్డిస్తే మాట అక్కడితో అయిపోయేది.

ఈ ఏడాది మాత్రం వారం ముందే రవికుమార్ వీడియో కాల్ చేశాడు.

"వసంతా, ఒక మాట చెప్తాను, కంగారు పడకు."

"లేఆఫా?"

"కాదు."

"వీసాకేమన్నా అయిందా?"

"అబ్బ, అవేం కాదే. నీ సినిమా ఈ ఏడుతో ఆఖరట. ఛానల్‌వాళ్ళు పాతవి తీసేస్తున్నారు. ఇవాళే చదివాను."

వసంతలక్ష్మి చేతిలో బీరకాయ ఉంది. చెక్కు తీయడం ఆపలేదు. "ఇంకెక్కడా వెయ్యరా?"

"వెయ్యరట. హక్కులేవో అయిపోయాయంటున్నారు. నేను రానా?"

"ఈ టైమ్‌లో టికెట్ ఎక్కడ దొరుకుతుందండీ. రష్మి ఉందిగా."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే బీరకాయకి చెక్కే కాదు, కండ కూడా పోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఒక్కటే ధైర్యంతో ఉంది. గీత ఎక్కడుందో తెలీదు, కానీ ఉంది. డిసెంబర్‌లో ఒకసారి కంటితో చూస్తే ఏడాదికి సరిపోయేది. ఇకమీదట అది కూడా ఉండదు. ఈసారి చూడటంతో సరి.

ఆ ఆదివారం ఇడ్లీ తింటూ రష్మి ఆ చెల్లెలి సంగతే అడిగింది. రష్మిది కరీంనగర్ దగ్గర, ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. మనసులో మాట దాచుకోవడం రాని పిల్ల.

"ఆంటీ, మీ చెల్లె అసలు ఎట్ల పోయింది? కొట్లాడిండ్రా?"

"లేదమ్మా. మేం ఎప్పుడూ పోట్లాడుకోలేదు."

నిజంగానే పోట్లాట లేదు. గీత పెళ్ళయి ఏడాది తిరక్కుండా మొగుడితో విడిపోయింది. హెర్న్‌డన్‌లో ఉన్న ఇల్లు ఖాళీ చేసి, రెండు పెట్టెలతో అక్క దగ్గరికి వచ్చేసింది. పైగదిలో, ఇప్పుడు రష్మి ఉంటున్న గదిలోనే ఉండేది. మాట తగ్గిపోయింది. తిన్నావా అంటే తిన్నానంటుంది, పడుకున్నావా అంటే పడుకున్నానంటుంది. ఎవరన్నా ఇంటికొస్తే కిందకి వచ్చేది కాదు. వసంతలక్ష్మి కూడా పుండు మీద వేలు పెట్టడమెందుకని ఏమీ అడిగేది కాదు.

ఒక పొద్దున్న గీత కోటేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని మెట్లు దిగింది. వసంతలక్ష్మి లంచ్‌బాక్స్ సర్దుతోంది. పెట్టె చూసింది. ఇంటర్వ్యూ ఉండొచ్చని గీత ముందురోజేదో అన్నట్టు గుర్తు. "ఎక్కడికే?" అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడక్కూడదు. అడిగితే వెళ్ళే పని కాదు. తణుకులో వాళ్ళ నానమ్మ, పొరపాటున ఎవరైనా అడిగారంటే, బయల్దేరినవాళ్ళని వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది.

అందుకని వసంతలక్ష్మి అడగలేదు. అంతకంటే మంచిపని చేద్దామనుకుంది. గరాజ్ తలుపు ఎత్తి బయటికి పరిగెత్తి, ఇల్లు చుట్టి ముందువైపుకొచ్చి, పాల డబ్బా చేత్తో పట్టుకుని చెల్లెలికి ఎదురొచ్చింది. ముత్తయిదువ పాలతో ఎదురొస్తే ఎంత మంచి శకునం. చలిలో, చెప్పుల్లేకుండా, నైటీ మీద ఎదురొచ్చి నవ్వుతూ నిలబడింది.

గీత వాకిట్లో ఆగింది. అక్క మొహంలోకి చూసింది. ఏదో అడుగుతుందేమో అన్నట్టు చాలాసేపే చూసింది. వసంతలక్ష్మి నవ్వుతూనే ఉంది. గీత టాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది. సాయంత్రానికి రాలేదు. తర్వాతెప్పుడో "బాగున్నాను, వెతకొద్దు" అని ఒక మెసేజ్. ఆ నంబర్ మళ్ళీ పనిచెయ్యలేదు. పోలీసులేమో మైనారిటీ తీరిన మనిషి, తన ఇష్టంతో వెళ్ళింది, మేమేం చెయ్యలేం అన్నారు.

రష్మి ఇడ్లీ ముక్క పచ్చట్లో ముంచి అలాగే పట్టుకుంది.

"అంటే... ఎక్కడికి పోతున్నవ్ అని మీరు అడగలే."

"అడక్కూడదు కదమ్మా."

"మా అమ్మ గూడ గట్లనే అంటది" అంది రష్మి. ముక్క పళ్ళెంలో పెట్టేసి, "కానీ ఆంటీ, ఆమె అడుగుతరనే నిలబడ్డదేమో" అంది.

వసంతలక్ష్మి పళ్ళేలు తీసింది. ఈ మాట ఆవిడకి కొత్తదేం కాదు. ఇన్నేళ్ళుగా అంట్లు తోమేటప్పుడల్లా ఆవిడ పక్కనే నిలబడుతున్న మాటే. ఇంకొకరి నోటినించి వినడం మాత్రం ఇదే.

మధ్యాహ్నం స్నానం చేసి చీర కట్టుకుంది. చెల్లెలు కనిపించే రోజు నైటీలో ఉండటం ఆవిడకి ఇష్టముండదు. టీవీకి దగ్గరగా సోఫా లాక్కుంది. రష్మి దుప్పటి కప్పుకుని పక్కన చేరింది. సినిమా మొదలైంది. సిటీ పిల్ల కారు మంచులో ఇరుక్కుంది. గళ్ళ చొక్కా అబ్బాయి వచ్చి తోశాడు.

"గీడేనా హీరో? మంచిగనే ఉన్నడు" అంది రష్మి. "బొమ్మలు ఎవరు పంపుతుండ్రు ఆంటీ?"

"నన్నడక్కమ్మా. నాకు తెలీదు."

"ఇన్నేండ్లు చూసి తెల్వదా?"

"వాళ్ళ గొడవ వాళ్ళది."

ఈసారి సినిమా ఏదో తేడాగా ఉంది. మొదట రష్మే చూసింది. బేకరీ కిటికీకి కట్టిన లైట్లు సగం ఊడదీసేసి ఉన్నాయి. చర్చి మెట్ల మీద అట్టపెట్టెలు. అమ్మమ్మ పాత్ర వేసినావిడ వెనక గోడమీద పటాలు లేవు, మేకులు మాత్రమే. హీరో హీరోయిన్లు అదేం పట్టించుకోకుండా వాళ్ళ మాటలు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఖాళీ చేస్తున్నట్టున్నరు" అంది రష్మి.

"ఆఖరుసారి కదా" అంది వసంతలక్ష్మి.

సంత వచ్చింది. కాగితం కప్పులతో వాళ్ళిద్దరూ నడుస్తున్నారు. వెనకాల గింజల బండివాడు పొయ్యి ఆర్పేసి మూత పెడుతున్నాడు. బండి పక్కనించి గీత వచ్చింది. నల్ల కోటు. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. చేతిలో చిన్న పెట్టె.

ఏ ఏడూ పెట్టె లేదు.

వీధి చివర బస్సు ఆగి ఉంది. లోపల లైటు వేసి ఉంది. అది కూడా ఎప్పుడూ చూసింది కాదు. గీత ఆ బస్సు వైపే నడుస్తోంది. మామూలుగా ఎంతసేపు కనిపిస్తుందో వసంతలక్ష్మికి ఒంటికి తెలుసు. అది అయిపోవస్తోంది. ఆవిడకి తెలీకుండానే సోఫాలోంచి లేచి టీవీ ముందు నిలబడింది. ఆ నడక చూస్తే తెలిసిపోయింది. ఇంటర్వ్యూకి వెళ్ళే నడక కాదు. ఎక్కడికైనా వెళ్ళే నడకే కాదు. ఆ రోజు వాకిట్లో కూడా ఇదే నడక, తను చూడలేదంతే.

"ఆంటీ" అంది రష్మి మెల్లగా. "అడుగుండ్రి."

వసంతలక్ష్మి నోరు తెరిచింది. నానమ్మ, శకునం, పాలడబ్బా, అన్నీ అడ్డం నిలబడ్డాయి. వాటన్నిటినీ పక్కకి తోసి అడిగింది. గట్టిగా కాదు. వంటింట్లోంచి హాల్లోకి వినపడేంత.

"గీతా. ఎక్కడికే?"

గీత ఆగింది.

ముందున్న అబ్బాయి ఏదో జోక్ వేశాడు, ఆ పిల్ల నవ్వింది. వెనకాల గీత కదల్లేదు. తిరిగి కూడా చూడలేదు. పెట్టె కింద పెట్టి, ఒక్క క్షణం తటపటాయించి, దాని మీదే కూర్చుంది. కోటు జేబులోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది. బయల్దేరినప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలో తణుకులో పెరిగిన పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు. గొంతు తడుపుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుంది. బస్సు తలుపు మూసుకుంది. బస్సు వెళ్ళిపోయింది. గీత అలాగే కూర్చుని ఉండగా సీన్ మారిపోయింది.

తర్వాత సినిమా అంతా ఇద్దరూ కళ్ళప్పగించి చూశారు. గీత మళ్ళీ కనిపించలేదు. చివర్లో చెట్టు చుట్టూ అందరూ చేరి పాడారు, గళ్ళ చొక్కా అబ్బాయి ముద్దు పెట్టుకున్నాడు, చెక్కబొమ్మలు పంపిందెవరో కూడా తెలిసే ఉంటుంది, వీళ్ళిద్దరూ వినలేదు. పేర్లు పడ్డాయి. తర్వాత కార్పెట్లు కడిగే మిషన్ అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది.

వసంతలక్ష్మి నిలబడ్డ చోటే నేల మీద కూర్చుంది. "అడిగేశాను" అంది. "ఇప్పుడు బస్సు కూడా లేకుండా చేశాను దానికి. ఈ చలిలో ఎక్కడికి పోతుంది."

రష్మి ఆవిడ పక్కన కూర్చుని దుప్పటి సగం కప్పింది. కిటికీలో వెలుతురు తగ్గింది. ఫోన్ మోగింది. పక్క రాష్ట్రం, పెన్సిల్వేనియా నంబర్.

"స్పామ్ కాల్ ఆంటీ, ఎత్తకుండ్రి."

వసంతలక్ష్మి ఎత్తింది. అవతల లారీ వెళ్తున్న చప్పుడు. ఎవరో చిల్లర లెక్కపెడుతున్నారు. తర్వాత గొంతు.

"బస్సు తప్పిపోయింది."

వసంతలక్ష్మి కళ్ళు మూసుకుంది. "ఆ" అంది.

"ఎవరో పిలిచినట్టయింది. కూర్చున్నా. లేచేసరికి వెళ్ళిపోయింది."

"ఆ."

"సినిమావాళ్ళు లైట్లు ఆర్పేసి వెళ్ళిపోయారక్కా. వీధి చివర దాకా నడిస్తే గ్యాస్ స్టేషన్ ఉంది. ఇక్కడబ్బాయి ఫోన్ ఇచ్చాడు. నీ నంబర్ అదేనో కాదో అని చేశాను."

"అదేనే. మార్చలేదు. లోపలే ఉండు, బయట నిలబడకు. ఆ అబ్బాయికి ఫోన్ ఇవ్వు, అడ్రస్ చెప్పమను."

రష్మి అప్పటికే కారు తాళాలు, కోటు పట్టుకొచ్చింది. "మీరు పోయి రాండ్రి. నేను అన్నం వండుత, పప్పు పెడ్త" అంది. "ఆమె కారం తింటదా?"

"తింటుంది" అంది వసంతలక్ష్మి. తర్వాత ఆగి, "ఏమో. ఇదివరకు తినేది" అంది.

287 హైవే ఎక్కి, 80 పట్టుకుని, మంచు తోసే లారీల వెనకాల మెల్లగా నడుపుకుంటూ వెళ్ళింది. ఆ పెట్రోలు బంకు కొండ మలుపులో ఉంది. గాజు తలుపు లోపల, చిప్స్ ప్యాకెట్ల పక్కన, గీత పెట్టె మీద కూర్చుని ఉంది. టీవీలో కంటే చిన్నగా ఉంది. వసంతలక్ష్మి దగ్గరికెళ్ళి పెట్టె తీసుకోబోయింది. గీత ఇవ్వలేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని కారు దాకా మోశారు, అంత బరువేం లేకపోయినా.

కారు రోడ్డెక్కాక గీత మాట్లాడింది.

"ఆ వీధిలోనే ఉండేదాన్ని. బేకరీ వెనకాల గది. ఏటా వాళ్ళిద్దరూ నా పక్కనించే నడుచుకుంటూ పోయేవాళ్ళు, ఏటా అవే మాటలు. ఒక్కసారి కూడా నా పేరడగలేదు." చేతులు హీటర్ ముందు పెట్టుకుంది. "మొదట్లో అదే బాగుండేది. అడిగేవాళ్ళు లేరని."

"ఆ బస్సు ఎక్కడికే?"

"తెలీదు. రాసి లేదు."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఆ రోజు నువ్వడుగుతావనుకున్నా" అంది గీత. "అడిగితే ఆగిపోదామనుకున్నా."

"అడిగితే ఆగిపోతావనే అడగలేదే. ఇంటర్వ్యూ అనుకున్నా."

గీత అక్క వైపు తిరిగి చూసింది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, మొత్తానికి మొహం అటు తిప్పేసుకుంది. "చెప్పుల్లేకుండా పాలడబ్బాతో" అంది కిటికీకి. తర్వాత సీటు వెనక్కి వంచుకుని, చాలా రోజులుగా నిద్రలేనిదాన్లా, మాట మధ్యలోనే నిద్రపోయింది.

హైవే దిగాక మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వసంతలక్ష్మి చెల్లెల్ని సరిగ్గా చూసింది. కోటు భుజాల మీద మంచు పడి ఉంది. హీటర్ ఇంతసేపు ఫుల్లుగా పెట్టినా కరగలేదు. ఒక తునక వేలితో తీసింది. పొడిగా ఉంది. సన్నగా కత్తిరించిన తెల్ల కాగితం, సినిమావాళ్ళు చల్లే మంచు.

దాన్ని కారులో ఉన్న ఖాళీ కాఫీ కప్పులో వేసింది. సిగ్నల్ పడ్డప్పుడల్లా, గీత లేవకుండా, ఇంకొన్ని తీసి వేసింది. ఇంటి సందు మలుపు తిరిగేసరికి తన వైపున్న భుజం శుభ్రంగా నల్లగా అయింది. రెండోది అవతలి పక్కనుంది, చెయ్యి అందలేదు. ఇంటికెళ్ళాక తీయొచ్చులే అనుకుంది.